సింధూరం పెట్టిన రెక్క

కిందటివారం విమానాల ఇంజినీరు ప్రేమలీలను ఆటోనగర్ షెడ్డులో, రూపాయి బిళ్ల చేత్తో పట్టుకుని బిత్తరపోయిన చోటే వదిలేసి వచ్చాం. పాపం, ఆవిడ ఇంకా అక్కడే ఉంది. ఎదురుగా చెక్క స్టాండ్ల మీద ఆ రెక్క కూడా అలాగే ఉంది.

ఆ రెక్కని చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పాలి. అది విమానం రెక్కే గాని, విమానం రెక్కలన్నిటికీ ఉండే అల్యూమినియం రేకులు దానికి లేవు. వేలకొద్దీ రివెట్లు అంతకన్నా లేవు. గాజుపీచు గుడ్డనీ, ఎంతో ప్రయాసపడి విదేశం నుంచి తెప్పించిన నల్లటి కార్బన్ గుడ్డనీ జిగురులో తడిపి, పొర మీద పొర పరిచి, అచ్చులో ఆరబెట్టి చేసిన రెక్క అది. తేలిక, గట్టిదనం రెండూ ఒక్కచోట కుదిరిన వస్తువు. ఇలాంటి రెక్కలు తగిలిస్తే పదిమంది ఎక్కే చిన్న విమానం కాస్త ఇంధనంతోనే దూరాలు పోతుందనీ, పెద్ద పెద్ద రన్‌వేలు లేని ఊళ్లలో కూడా దిగుతుందనీ ప్రేమలీల నాలుగేళ్లుగా చెబుతూనే ఉంది. విశాఖపట్నంలో విమానం అంటే తల పైకెత్తి చూసేదే గాని ఎక్కేది కాదనుకునే రోజులవి. అందుకే ఆవిడ మాట విన్నవాళ్లలో సగంమంది నవ్వారు. మిగతా సగం మర్యాదకి నవ్వలేదు.

మర్యాదకి కాక, నిజంగా నమ్మి నవ్వనివాడు గవర్రాజు. బెస్తవాళ్లకి ఫైబర్ పడవలు చేసిపెట్టే ఈ షెడ్డు అతనిదే. తను పనిచేసే విమాన పరిశోధన కేంద్రం దగ్గర అంత పెద్ద అచ్చు పట్టే చోటు లేక, ఇక్కడికి వచ్చి పడింది ప్రేమలీల. పడవ అచ్చుల పక్కనే రెక్క అచ్చు లేచింది. తెల్లారి బెంగళూరు నుంచి విమానాల భద్రత పరీక్షించే కమిటీ వస్తుంది. అందరి కళ్లముందూ రెక్క మీద ఇసక బస్తాలు పేరుస్తారు. రెక్క నిలబడితే విమానం కట్టడానికి అనుమతి. విరిగిందా, పరిశోధన కేంద్రం ఈ పనికి తాళం వేసేస్తుంది. మధ్యేమార్గం లేదు.

అలాంటి పరీక్షకి ముందురోజున, అలవాటుకొద్దీ రూపాయి బిళ్లతో రెక్కంతా తట్టుకుంటూ వచ్చింది ఆవిడ. పొరలు బాగా అతుక్కున్న చోట బిళ్ల ఖణేల్‌మంటుంది. లోపల అతుకు విడితే బొదబొదమంటుంది. పరీక్షలన్నిటిలోకీ చవకైనదీ, మోసం చేయనిదీ ఇదే. రెక్క విమానానికి తగిలే మొదలు దగ్గర, లోపలి దూలానికి పైపొర అతికిన చోట, అరచేతంత మేర బిళ్ల బొదబొదమంది. ఇంతవరకూ మీకు తెలిసిందే.

ఆవిడ పెన్సిల్‌తో ఆ మేర చుట్టూ గీత గీసింది. మళ్లీ తట్టింది. గీతకి బయట ఖణేల్, లోపల బొద. అనుమానానికి చోటు లేదు.

"ఏటమ్మా, అలా ఉండిపోనారు?" అంటూ గవర్రాజు వచ్చాడు. నలుగురిలో ఉన్నప్పుడు మేడమ్ అంటాడు గాని, షెడ్డులో ఆవిడ అతనికి అమ్మే. గీత చూశాడు. ఆవిడ చేతిలోంచి బిళ్ల తీసుకుని తనూ తట్టాడు. పడవలు తట్టి తట్టి ఆరితేరిన చెవి. మొహం వాడిపోయింది.

"జిగురు కలపడంలో ఏమైనా తేడా వచ్చిందా అన్నా?"

"నా సేత్తోనే కలిపినానమ్మా. తేడా రానేదు."

"దూలం మీద పైపొర పరిచిన రోజు ఏసీ ఆగిందా? గదిలోకి చెమ్మగాలి వచ్చిందా?"

"కరెంటు పోనేదు. నాను అక్కడే ఉన్నాను గదా."

"మరి దూలాన్ని జిడ్డు లేకుండా ఎసిటోన్‌తో కడిగింది నేను. కడిగాక మూడు రోజులు సెలవులు వచ్చాయి. సెలవులయ్యాక అతికించాం. ఈ మధ్యలో దాన్ని ఎవరైనా ముట్టుకున్నారా?"

"మీరు సెయ్యి తగలనియ్యొద్దని మరీ మరీ సెప్పినారు. సెయ్యి తగలనిత్తానా?" అన్నాడు గవర్రాజు, కాస్త నొచ్చుకుని.

పక్కన గాజుపీచు గుడ్డ కత్తిరిస్తున్న తాయారు కత్తెర ఆపింది. ఆవిడ గవర్రాజు భార్య. షెడ్డులో గుడ్డ కత్తిరింపులన్నీ ఆవిడవే. ఆవిడ కత్తిరించిన గుడ్డకి అంచు పీచు లేవదని పరిశోధన కేంద్రంలో సైతం చెప్పుకుంటారు.

"దసరానాడు బొట్లెట్టినావు గదయ్యా. ఆ సంగతి సెప్పవేటి?" అంది.

"అది పనిలోది కాదే. పూజ," అన్నాడు గవర్రాజు.

ప్రేమలీలకి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక, పక్కనున్న స్టూలు మీద కూలబడింది.

విజయదశమినాడు ఆటోనగర్‌ని చూసినవాళ్లకి ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆ రోజు లేతు మిషనుకి బొట్టు, డ్రిల్లుకి బొట్టు, గోడకి కొట్టిన మేకుకి తగిలించిన స్పానర్లకి బొట్టు. స్కూటరుకి దండ. ఏడాది పొడుగునా అన్నం పెట్టిన ఇనుముకి ఆ ఒక్కరోజు దణ్ణం. గవర్రాజు షెడ్డులో కూడా అన్నిటికీ పెట్టారు. అన్నిటికీ పెట్టి, తన జన్మలో చేసిన పనులన్నిటిలోకీ గొప్ప పనిని ఎలా వదిలేస్తాడు?

"మరి సెయ్యి తగలొద్దన్నారు గదమ్మా," అన్నాడు గవర్రాజు. "అందుకని తమలపాకు కాడతో ఎట్టినాను. ఏలు ఆన్లేదు. నీల్లల్లో కలిపితే ఎండి రాలిపోద్దని సింధూరం నువ్వుల నూనెతో కలిపినాను. మూడంటే మూడు బొట్లు. మర్నాడు మెత్తటి గుడ్డెట్టి సుబ్బరంగా తుడిసేసినాం."

తుడిచారు. అదే కొంప ముంచింది. మూడు చుక్కల నూనె ఆ మెత్తటి గుడ్డతో అరచేతంత మేర పరుచుకుంది. కంటికి కనపడదు. చేత్తో తడిమితే తెలుస్తుందేమో గాని, చెయ్యి తగలకూడదని ఆంక్ష పెట్టింది ప్రేమలీలే. జిగురుకి నూనె కన్నా పరమశత్రువు లేదు. ఈ ముక్క ఆవిడ అందరికీ చెప్పింది. కాకపోతే మిషను నూనె గురించి చెప్పింది, గ్రీజు గురించి చెప్పింది, చేతి చెమట గురించి చెప్పింది. దేవుడి దగ్గర నూనె గురించి చెప్పాలని ఆవిడకి తట్టలేదు. చర్చి పాటలు పాడుకుంటూ పెరిగిన పిల్లకి ఎలా తడుతుంది?

కోపం రావాలి. వచ్చింది కూడా. నాలుగేళ్ల పని, అంత తేలిగ్గా దొరకని కార్బన్ గుడ్డ, అన్నీ మూడు చుక్కల నూనెకి బలైపోయాయా అని అరవబోయింది. కాని గవర్రాజు మొహం చూసి ఆగిపోయింది. నలభై పడవల్ని సముద్రంలోకి దింపినవాడు, వాటిలో ఒక్కటీ నీరు పట్టలేదని చెప్పుకునేవాడు, ఆ గీత పక్కన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు.

"నాసనం సేసీసినానా అమ్మా?" అన్నాడు.

ఆవిడ పరిశోధన కేంద్రానికి కబురు పంపించింది.

కబురు అందుకుని కొండలరావు జీపు వేసుకుని వచ్చేశాడు. ఈ పరిశోధనకి పైఅధికారి ఆయన. కాకినాడవైపు మనిషి. మంచివాడే గాని, ప్రమాదం కనపడగానే పక్కసందు వెతికే రకం. గీత చూసి, కథంతా విని, ప్రేమలీలని పడవ అచ్చుల వెనక్కి తీసుకెళ్లాడు.

"చూడండి ప్రేమలీలగారూ. రేపు కమిటీవాళ్లు బిళ్ల పట్టుకుని తట్టరండి. ఆ గీత చెరిపేయండి. రెక్క నిలబడితే నిలబడుతుంది. విరిగితే, సముద్రపు గాలి, చెమ్మ అని చెబుదాం. సముద్రం వచ్చి కాదనదు కదండీ?"

"తర్వాతి రెక్కని సముద్రం చెయ్యదు సార్. గవర్రాజన్న చేస్తాడు. తప్పు చెమ్మదని రాసేస్తే వచ్చే దసరాకి మళ్లీ బొట్లు పెడతాడు. ఆ రెక్క మోసేది ఇసక బస్తాల్ని కాదు. మనుషుల్ని."

"అదికాదండీ. ఇంకోటుంది. మీరు ఆలోచించలేదు." కొండలరావు గొంతు తగ్గించాడు. "వాళ్ల పూజవల్ల రెక్క చెడిందని ఎవరు చెబుతున్నారు? మీరు. మీరేమో ఆదివారం చర్చికెళ్లే మనిషి. రేపు ఆటోనగరంతా ఈ మాట ఎలా తిరుగుతుందో తెలుసా? ప్రాజెక్టు సంగతి సరే, మళ్లీ మీరు ఈ షెడ్డులో అడుగు పెట్టగలరా?"

ఇది ఆలోచించవలసిన మాటే. ప్రేమలీల ఆలోచించింది. ఆవిడ తండ్రి పోర్టులో క్రేన్ నడిపేవాడు. ఎన్ని మతాలవాళ్లు ఆ క్రేన్ కింద నిలబడ్డారో లెక్కలేదు. బరువు మోసే ఇనుప తీగ నలిగినట్టు అనుమానం వస్తే చాలు, ఎవరు కోప్పడినా బరువు దింపేసి కేక పెట్టేవాడు. కింద ఉన్నవాళ్లకి పైనున్న లోపం చెప్పి తీరాలి. అంతకు మించి ఆవిడకి ఏ సిద్ధాంతమూ తెలియదు.

"నేను చెబుతాను సార్. కాని ముందు అన్నని అడుగుతాను," అంది.

గవర్రాజు అంతా విన్నాడు. బిళ్ల తీసుకుని గీత చుట్టూ మళ్లీ తట్టాడు. అప్పుడు తాయారే అంది.

"అడిగిందానికి సెప్పవేటయ్యా. మన పడవకి సిల్లుంటే బెస్తోల్లకి సెప్పమా?"

"సెప్పండమ్మా. పేరెట్టి సెప్పండి. బొట్లెట్టింది నానేనని," అన్నాడు గవర్రాజు.

తెల్లవారి పదయ్యేసరికి కమిటీ దిగింది. దానికి పెద్ద సుందర్ రాజ్. పుట్టింది భీమునిపట్నంలో, జుట్టు నెరిసింది బెంగళూరులో. విమానాల బలాబలాలు చూడ్డమే వృత్తిగా బతికిన మనిషి. ఆయన మెచ్చుకుంటే రెక్కకి ఇంక తిరుగులేదని, పెదవి విరిస్తే ఇంక మాట్లాడేవాడు లేడని పేరు. నవ్వగా చూసినవాళ్లెవరూ లేరు.

రెక్కని తిరగేసి, మొదలు దగ్గర ఇనుప చట్రానికి బిగించారు. గాలిలో ఎగిరేటప్పుడు రెక్కని గాలి పైకి నెడుతుంది. నేలమీద అలా నెట్టేదేదీ లేదు గనక, రెక్కని తలకిందులు చేసి పైన బస్తాలు పేరిస్తే సరిపోతుంది. చిన్నపిల్లాడికైనా అర్థమయ్యే ఏర్పాటు. కాని ఎంత బరువు, ఎక్కడెక్కడ, ఏ వరసలో అన్నది తేల్చడానికి ప్రేమలీలకి ఆర్నెల్లు పట్టింది.

బస్తాలు ఎత్తబోతుంటే ఆవిడ ముందుకొచ్చింది. గీత చూపించింది. నూనె, సింధూరం, తమలపాకు కాడ, మెత్తటి గుడ్డ, ఒక్కటీ దాచకుండా చెప్పింది. కొండలరావు తన బూట్ల వంక చూసుకుంటూ నిలబడ్డాడు. కమిటీలో ఒకాయన కిసుక్కున నవ్వాడు. సుందర్ రాజ్ ఆయన వంక చూడగానే ఆ నవ్వు ఆగిపోయింది.

"బొట్లు పెట్టిందెవరు?"

"నానేనండి," గవర్రాజు ముందుకొచ్చాడు.

సుందర్ రాజ్ బిళ్ల అడిగి తీసుకున్నాడు. వంగి, చెవి ఆనించి, గీత చుట్టూ తట్టాడు. లేచి కళ్లజోడు తుడుచుకున్నాడు.

"దాచిన లోపాలతో నిలబడిన రెక్కలు నేను చాలా చూశాను. ముందే చెప్పిన లోపంతో ఎవరూ రెక్కని నా ముందు పెట్టలేదు. ఎక్కించండి," అన్నాడు.

ఒక్కొక్క బస్తా ఎక్కుతోంది. హార్బరు నుంచి వచ్చిన కూలీలు బస్తాని పసిబిడ్డని పడుకోబెట్టినట్టు నెమ్మదిగా దించుతున్నారు. రెక్క కొస నేలవైపు వంగడం మొదలెట్టింది. విమానం ప్రయాణంలో ఎప్పుడైనా ఎదుర్కోగల అతి పెద్ద బరువు వచ్చింది. రెక్క నిలబడింది. ఆపి కొలతలు తీసుకున్నారు. ఆ పైన, దానికి ఒకటిన్నర రెట్లు కావాలి. మళ్లీ బస్తాలు. లోపల ఎక్కడో జిగురు చిటచిటలాడింది. తాయారు చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఎంత అందంగా వంగిందో ఆ రెక్క! అల్యూమినియమైతే ఈపాటికి సొట్టలు పడి, ముడతలు తేలి చూడ్డానికి జాలేసేది. ఇది మాత్రం మొదలు నుంచి కొస దాకా ఒక్క గీతగా, ఎక్కడా నలగకుండా వంగింది. గుడ్డ, జిగురు, నలుగురు మనుషుల ఓర్పు. వీటితో చేసింది ఇంత బరువు మోస్తోందా అని చూస్తున్నవాళ్లకి ఒళ్లు గగుర్పొడిచింది. ఆఖరి బస్తా దించి కూలీలు అడ్డం కట్టిన తాడు అవతలికి పరిగెత్తారు.

రెక్క విరగలేదు.

బస్తాలు దించుతుంటే కొస మెల్లమెల్లగా లేచి, మొదట ఉన్న చోటికే వచ్చి నిలబడింది. ప్రేమలీల పరుగున వెళ్లి గీత దగ్గర తట్టింది. గీత లోపల బొద. గీత బయట ఖణేల్. మళ్లీ తట్టింది. అంత బరువు మోసినా ఆ విడిన అతుకు ఒక్క వెంట్రుకవాసి కూడా పాకలేదు. కార్బన్ పొరలు దాన్ని ఎక్కడిదక్కడ కట్టేశాయి. ఆవిడకి ఏడుపు వచ్చేసింది. నలుగురూ చూస్తారన్న సిగ్గు కూడా కలగలేదు. గవర్రాజు రెక్కకి రెండు చేతులూ ఆన్చి కళ్లు మూసుకున్నాడు. కొండలరావు ఎవరితో చేతులు కలుపుతున్నాడో తెలియకుండా అందరితోనూ కలిపాడు.

సుందర్ రాజ్ మాత్రం కదల్లేదు. సందడి తగ్గేదాకా ఆగి ప్రేమలీలని పిలిచాడు.

"గొప్ప పని చేశారమ్మా. నా సర్వీసులో ఇలాంటి రెక్క చూడలేదు. ఒట్టి పొగడ్త కాదు." అని ఆగాడు. "కాని ఇవాళ నిలబడింది రెక్క గుణమా, మన అదృష్టమా? నాకు తెలియదు. మీకూ తెలియదు. రెండో రెక్క చెయ్యండి. నేను గీసిచ్చిన చోట, ఇంతకి మూడింతల మేర, అతుకు చెడగొట్టండి. అదీ నిలబడితే విమానం కట్టడానికీ, మనుషులు ఎక్కడానికీ నేను సంతకం పెడతాను."

న్యాయమే. ప్రేమలీల ఆయన స్థానంలో ఉన్నా అదే అడిగేది. "తప్పకుండా సార్. మధ్యలో పల్చటి ప్లాస్టిక్ కాగితం పెడితే అతుకు పట్టదు," అంది.

"వద్దు. కాగితంతో చేసేది ప్రయోగశాల లోపం. షెడ్డులో మనుషులు చేసేది వేరు. నాకు అదే నూనె, అదే సింధూరం, అదే తమలపాకు కాడ కావాలి. పెట్టేది కూడా ఆయనే కావాలి. లేకపోతే రెంటినీ పోల్చి చూడలేను." గవర్రాజు వైపు తిరిగాడు. "ఏం గవర్రాజూ, చేస్తావా?"

గవర్రాజుకి మొదట అర్థం కాలేదు. ప్రేమలీల నెమ్మదిగా విడమరిచింది. అంతా విని అతను రెక్క మీంచి చేతులు తీసేశాడు. మొహంలో వెలుగు పోయింది.

"నాను సెయ్యనండి," అన్నాడు.

"అన్నా, ఇది పరీక్ష. పూజ కాదు."

"అందుకే సెయ్యనంతన్నాను. తెలీక ఎట్టినాను. అది దణ్ణం. ఆ దణ్ణం వల్ల సెడితే నాను తలొంచుకుని ఒప్పుకున్నాను, మీరు నలుగుర్లో సెప్తంటే ఇన్నాను. ఇప్పుడు సెడగొట్టడానికని అదే సింధూరం, అదే సేత్తో ఎట్టమంతన్నారు."

"నువ్వు పెట్టకపోతే విమానం లేదు గవర్రాజూ," కొండలరావు అందుకున్నాడు. "నాలుగేళ్ల పని, ఇందరి కష్టం..."

"నాకు తెల్దా బాబూ? నాను కట్టనేదా దాన్ని?" అన్నాడు గవర్రాజు. తాయారు వచ్చి పక్కన నిలబడింది గాని, ఈసారి ఆవిడ కూడా సెప్పవేటయ్యా అనలేదు.

గవర్రాజు ప్రేమలీల వైపు తిరిగాడు. నలుగురిలో ఉన్నా మేడమ్ అనలేదు.

"అమ్మా, మిమ్మల్నొకటడుగుతాను. మీ సర్చిలో ప్రెబువు బల్ల కాడ ఆయన సరీరమని రొట్టి ఇత్తారు గదా. ఆ రొట్టిలో ఇసం కలపమని, ఎంతమంది సచ్చిపోతారో సూడ్డానికి కాదు, ఎంతమంది బతుకుతారో సూడ్డానికేనని ఈ పెద్దాయనే అడిగితే, మీరు కలుపుతారా?"

షెడ్డులో అందరూ ఆవిడ వైపే చూస్తున్నారు. కలుపుతానంటే గవర్రాజు బొట్లు పెట్టక తప్పదు, విమానం ఎగురుతుంది. కలపనంటే అతన్ని పెట్టమనే హక్కు ఎవరికీ ఉండదు, విమానమూ ఉండదు. ప్రేమలీల రూపాయి బిళ్ల రెక్క మీద పెట్టి, గవర్రాజు వైపు ఒక అడుగు వేసింది. ఆవిడ ఏమందో వచ్చేవారం.